తుపాకీ లైసెన్సు వేరు, ఆత్మరక్షణ హక్కు వేరు: విశాఖవాసులకు వివరంగా

మధురవాడ వైపో పెందుర్తి వైపో ఒక ఇంట్లో దొంగలు పడ్డారన్న వార్త వచ్చిందంటే చాలు, విడిగా ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లలో గన్ లైసెన్సు మాట మొదలవుతుంది. ఎవరికి పెట్టుకోవాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరినైనా పట్టుకోవాలా అని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సినది ఒకటుంది. నా ఇంటి మీదకు వచ్చినవాణ్ని నేను ఎంతవరకు ఎదిరించవచ్చు? ఈ రెంటికీ జవాబు చెప్పే చట్టాలు వేరువేరు. ఆ తేడా తెలియక లైసెన్సు చేతికొచ్చిందంటే కాల్చే హక్కు వచ్చినట్టే అనుకునేవాళ్లున్నారు. లైసెన్సు లేదు కాబట్టి దొంగ మీద చెయ్యి కూడా ఎత్తకూడదనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జూలై 1 ముందు వరకు ఇవే ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉండేవి. ఆత్మరక్షణ హక్కు మనిషిగా పుట్టిన ప్రతి ఒక్కరికీ ఉంది. చేతిలో కర్ర ఉన్నా, రోకలిబండ ఉన్నా, లైసెన్సు రివాల్వర్ ఉన్నా హక్కు ఒకటే, హద్దులూ అవే. తుపాకీ మాత్రం మన దేశంలో హక్కు కాదు, సర్కారు ఇచ్చే అనుమతి. అమెరికా రాజ్యాంగంలో 1791 నుంచి ఉన్న రెండో సవరణ లాంటిది మనకు లేదు. లైసెన్సు లేని ఆయుధాల మీద 2023లో విచారణ చేపట్టినప్పుడు సుప్రీంకోర్టు ఈ మాటే గుర్తు చేసింది.

దరఖాస్తు ఎక్కడ, ఎవరికి

విశాఖ నగర పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉండేవాళ్లకు లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. కమిషనరేట్ లేని చోట జిల్లా కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు హోదాలో ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇక్కడే చాలామంది తడబడుతున్నారు. నర్సీపట్నం, చోడవరం వాళ్ల ఫైలు అనకాపల్లి కలెక్టరేట్‌కు, పాడేరు, అరకు వాళ్లది అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లాలి. పాత లైసెన్సు మీద 'విశాఖపట్నం కలెక్టర్' అని ఉన్నంత మాత్రాన రెన్యువల్ కూడా విశాఖలోనే అవుతుందనుకోకండి. సరిహద్దు మండలాల వాళ్లు ముందు తమ పోలీసు స్టేషన్‌లో ఎస్‌హెచ్‌ఓను (స్టేషన్ హౌస్ ఆఫీసరును) అడిగి, ఆ స్టేషన్ ఎవరి కిందికి వస్తుందో తేల్చుకోవాలి. తప్పు ఆఫీసులో పెట్టిన ఫైలు తిరిగి రావడానికే నెలలు పోతాయి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, కేంద్ర హోంశాఖ నడిపే ఎన్‌డాల్-ఎలిస్ పోర్టల్‌లో పెట్టాలి. వ్యక్తులకు ఎ-1 ఫారం. జతచేయాల్సినవి: తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు, పుట్టినతేదీ రుజువు, ఆధార్, ఇంటి చిరునామా రుజువు, తుపాకీని ఇంట్లో ఎక్కడ ఎలా భద్రపరుస్తారో చెప్పే హామీపత్రం, ఎస్-3 ఫారంలో డాక్టరు సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌లో శరీరారోగ్యం గురించి మాత్రమే రాస్తే సరిపోదు. మానసిక ఆరోగ్యం బాగుందని, మద్యానికీ మత్తుపదార్థాలకూ బానిస కాదని విడిగా ఉండాలి. వీధి చివరి క్లినిక్‌లో 'ఫిట్' అని ఒక్క ముక్క రాయించుకొచ్చిన సర్టిఫికెట్లే ఎక్కువగా వెనక్కి వస్తాయి. తుపాకీ భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా 2016 ఆయుధాల రూల్స్‌లో ఉంది.

అర్హత విషయానికొస్తే, వయసు 21 నిండాలి. హింస, నైతిక పతనం కిందికొచ్చే నేరంలో జైలుశిక్ష పడినవాళ్లకు ఆ శిక్ష ముగిశాక 5 ఏళ్ల వరకు లైసెన్సు రాదు. చాలామంది పట్టించుకోని సంగతి బైండోవర్. ఎన్నికల గొడవలోనో స్థలం తగాదాలోనో మంచి ప్రవర్తనకు బాండు రాయించుకుని ఉంటే, ఆ బాండు గడువు తీరేవరకు మీరు అనర్హులే. ఫారంలో కేసుల వివరాలు అడిగిన చోట కొట్టేసిన కేసులు కూడా రాయండి. కొట్టేసిన కేసు వల్ల ఫైలు ఆగకపోవచ్చు. దాచారని స్టేషన్ రికార్డులో బయటపడితే మాత్రం ఆగుతుంది. నిజం దాచి లైసెన్సు తీసుకున్నారని తర్వాత తేలినా రద్దు చేసే అధికారం వాళ్లకుంది.

కారణం రాసే చోటే ఫైలు గెలుస్తుంది లేదా పోతుంది

"నాకు ప్రాణభయం ఉంది, కావున లైసెన్సు ఇప్పించగలరు" అని రాసిన దరఖాస్తులు గుట్టలుగా పడి ఉంటాయి. ఆ వాక్యంలో పరిశీలించడానికి ఏమీ లేదు. ఎవరి నుంచి భయం, ఎప్పుడు బెదిరించారు, ఏ స్టేషన్‌లో ఏ నంబరు ఎఫ్‌ఐఆర్ అయింది, ఆ కేసు ఇప్పుడు ఏ దశలో ఉంది అన్నవి రాయాలి. బంగారం వ్యాపారమైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్, సరుకో నగదో తీసుకెళ్లే దారి, ఎంత రాత్రివరకు తిరుగుతారు అన్నవి జతచేయండి. రొయ్యల చెరువులు, తోటలు ఊరికి దూరంగా ఉండి రాత్రి కాపలా తప్పనిసరి అయితే భూమి పత్రాలు, దగ్గరి స్టేషన్ ఎన్ని కిలోమీటర్లో రాయండి. గతంలో అక్కడ దొంగతనం జరిగి ఉంటే ఫిర్యాదు కాపీ పెట్టండి. ఫిర్యాదే ఇవ్వని బెదిరింపుకు ఫైల్లో విలువ ఉండదు. ఇబ్బంది ఎదురైనప్పుడల్లా రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకునే అలవాటు లైసెన్సు కోసం కాకపోయినా మంచిదే.

ఏ తుపాకీ కావాలని అడుగుతున్నారన్నదీ ముఖ్యమే. అందరికీ రివాల్వరే కావాలి. కానీ ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదివితే, ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు (గొట్టం లోపల గాడులు లేని) తుపాకీ అడిగినవాళ్ల విషయంలో లైసెన్సు ఇవ్వాలనే దిశగా మాట ఉంది. అంటే మామూలు 12 బోరు. రివాల్వర్, పిస్టల్, రైఫిల్ అడిగితే మాత్రం 'తగిన కారణం' ఉందని అధికారికి నమ్మకం కలగాలి. ఇంటి కాపలాకో తోట కాపలాకో అయితే 12 బోరు అడగడమే మా సలహా. పోలీసులు, సైన్యం వాడే 9 ఎం.ఎం., .303 లాంటివి నిషేధిత బోర్లు, మామూలు పౌరులు వాటి జోలికి పోనక్కర్లేదు. ఇక ఎయిర్‌గన్ సంగతి. బోరు .177 దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. అంతకు మించినదానికి కావాలి.

దరఖాస్తు అందాక స్టేషన్‌కు విచారణకు వస్తుంది. ఇంటికి వస్తారు, చుట్టుపక్కల అడుగుతారు, కేసుల రికార్డు చూస్తారు. పోలీసు రిపోర్టుకు 30 రోజులు, రిపోర్టు అందాక నిర్ణయానికి 60 రోజులు అని రూల్స్‌లో గడువులున్నాయి. ఆచరణలో ఆలస్యమవుతుంది. గడువు దాటితే అప్లికేషన్ నంబరు వేసి రాతపూర్వకంగా గుర్తు చేయండి, అవసరమైతే సమాచార హక్కు కింద ఫైలు ఎక్కడుందో అడగండి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలని 14వ సెక్షన్ చెబుతోంది. ఆస్తి తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో కాదనకూడదని కూడా అందులోనే ఉంది. ఉత్తర్వు తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి. ఉత్తర్వు పోస్టులో వచ్చినప్పుడు కవరు మీది తేదీ ముద్రతో సహా దాచిపెట్టండి.

ఒక హెచ్చరిక. "ఉత్తరాది నుంచి వారంలో లైసెన్సు తెప్పిస్తా" అనే ఏజెంట్లను ఇంటి గడప తొక్కనివ్వకండి. జమ్మూకశ్మీర్‌లో అనర్హులకు లైసెన్సులు కట్టబెట్టిన వ్యవహారం మీద సీబీఐ దర్యాప్తు జరిగింది. అలాంటి పుస్తకం పట్టుకుని తుపాకీ కొన్నవాడు చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకుంటే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. ఏ లైసెన్సుకైనా జాతీయ డేటాబేసులో యూఐఎన్ అనే ప్రత్యేక నంబరు ఉండాలి. అది లేని లైసెన్సు చెల్లదు. షాపుకో ఏటీఎం నగదు బండికో తుపాకీ ఉన్న గార్డును పెట్టుకునేవాళ్లు కూడా అతని లైసెన్సులో ఆ నంబరు, గడువు, ఏ ప్రాంతంలో చెల్లుతుంది అన్న మూడూ చూడాలి. గన్ యజమానిదీ, మోసేది గార్డూ అయితే అతని పేరు రిటైనర్‌గా లైసెన్సులో ఎక్కి ఉండాలి.

లైసెన్సు వచ్చాక

ఒక మనిషికి ఇప్పుడు రెండు తుపాకులకు మించి ఉండకూడదు. 2019 డిసెంబరుకు ముందు మూడు ఉండేవి. గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. రెన్యువల్‌కు గడువు తీరేందుకు కనీసం 60 రోజుల ముందే పెట్టుకోండి. కొనడానికి ఇచ్చిన గడువు, ఏడాదికి ఎన్ని తూటాలు, ఒకేసారి ఎన్ని అన్నవి లైసెన్సులోనే రాసి ఉంటాయి. బిల్లులన్నీ దాచి, వాడినవి ఎక్కడ ఎప్పుడు వాడారో ఒక నోట్‌బుక్కులో రాయండి. లెక్క తేలని తూటాయే రేపు మీ మీద ప్రశ్న అవుతుంది. ఏ ప్రాంతంలో చెల్లుతుందో కూడా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే ఇచ్ఛాపురం దాటి బరంపురం పెళ్లికి తుపాకీతో వెళ్లడం నేరం. పెళ్లిలో గాల్లోకి కాల్చడం ఎక్కడైనా నేరమే. దీనికోసం 2019లో విడిగా నిబంధన పెట్టారు. నిర్లక్ష్యంగా సంబరాల కాల్పులు జరిపితే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

బయటకు తీసుకెళ్లేటప్పుడు రివాల్వర్ హోల్‌స్టర్‌లో, పూర్తిగా బట్ట కింద కప్పి ఉండాలి. నడుముకు కనిపించేలా పెట్టుకుని హోటల్లో కూర్చోవడం, మాటామాటా పెరిగినప్పుడు తీసి చూపించడం లైసెన్సు పోవడానికి దగ్గరి దారులు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేయమని నోటీసు వస్తుంది. స్టేషన్‌లో ఇచ్చేటప్పుడు తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, అప్పటి పరిస్థితి రాసిన రసీదు తీసుకోవాలి. బ్యాంకు గార్డుల్లాంటి నిజమైన అవసరం ఉంటే మినహాయింపు కోసం స్క్రీనింగ్ కమిటీకి ముందుగానే దరఖాస్తు పెట్టండి.

ఇంట్లో భద్రపరచడం విశాఖలో ప్రత్యేక సమస్య. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఇళ్లలో ఉప్పుగాలి ఇనుమును వదలదు. ఎక్కువమంది చేసే పొరపాటు, రివాల్వర్‌ను తోలు హోల్‌స్టర్‌లోనే బీరువాలో పెట్టేయడం. తోలు తేమ పీలుస్తుంది. వానాకాలం ఒకటి గడిచేసరికి గొట్టం మీద ఎర్రటి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. తోలు బెల్టులో గుచ్చి ఉంచిన తూటాల ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. అలాంటి తూటా చాంబర్లో ఇరుక్కుపోవచ్చు, పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు. ఆ మూడోది అన్నిటికన్నా ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే గొట్టాన్ని మనుషులు లేని వైపే పట్టుకుని కనీసం అర నిమిషం ఆగాలి. ఆ తర్వాతే తెరవాలి. చిలుము పట్టిన తూటాలను తుడిచి మళ్లీ వాడకండి, చెత్తబుట్టలో వేయకండి. లైసెన్సు ఉన్న డీలరుకో స్టేషన్‌కో ఇచ్చి రసీదు తీసుకోండి.

పద్ధతి ఇలా పెట్టుకోండి. గోడకో నేలకో బోల్టు వేసిన ఉక్కు పెట్టె, తుపాకీకి ఒక తాళం, తూటాలకు వేరే చోట వేరే తాళం. పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారగానే మార్చండి. నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి, గొట్టంలో ముందు పొడి గుడ్డ, తర్వాత నూనె తడిపిన గుడ్డ నడిపి, పైన పల్చగా గన్ ఆయిల్ పూయండి. కొబ్బరినూనె పనికిరాదు, పేరుకుని జిగురవుతుంది. తుడవడం మొదలుపెట్టే ముందు ఖాళీ అని కళ్లతోనూ వేలితోనూ తేల్చుకోవాలి. డబుల్ బ్యారెల్ అయితే పైన మీటను పక్కకు నెట్టి విరిచి రెండు చాంబర్లూ చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. .32 రివాల్వర్ అయితే తెరిచి సిలిండర్‌ను తిప్పుతూ ఆరు గుంతలూ లెక్కపెట్టండి. పిస్టల్‌లో మ్యాగజైన్ తీశాక కూడా చాంబర్లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. స్లయిడ్ వెనక్కి లాగి చూడనివాళ్ల చేతుల్లోనే 'ఖాళీ' పిస్టళ్లు పేలుతుంటాయి. ఇదంతా చేసేటప్పుడు తూటాలు ఆ గదిలో ఉండకూడదు, పిల్లలూ ఉండకూడదు. తాళం ఎక్కడుందో పిల్లలకు తెలియదనుకోకండి.

ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మనోవ్యథలో ఉన్నా, తాగుడు అలవాటున్నవాళ్లు ఉన్నా, ఆ రోజులు గడిచేవరకు తుపాకీని డీలరు దగ్గరో స్టేషన్‌లోనో డిపాజిట్ చేసేయండి. దీనికి ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో ఉన్న తుపాకీ దొంగ మీద కన్నా ఇంటివాళ్ల మీదే పేలే ప్రమాదం అప్పుడు ఎక్కువ.

నాన్నగారి తుపాకీ

కాలంచేసిన తండ్రిగారి తుపాకీ బీరువాలోనే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. నేవీ నుంచి, పోర్టు నుంచి, ఎస్టేట్ల నుంచి రిటైరైన పెద్దలున్న ఊరు ఇది. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. ఆయన పోయిన రోజు నుంచి ఆ తుపాకీ ఎవరి చేతిలో ఉందో వాళ్లది లైసెన్సు లేని ఆయుధమే. సెంటిమెంటుతో దాచుకున్నామన్న మాట కోర్టులో నిలవదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. కర్మకాండలు అయ్యాక చూద్దామని నెలలు గడపకండి. మరణ ధ్రువపత్రం చేతికి రాకముందే డిపాజిట్ చేయవచ్చు. అసలు లైసెన్సు పుస్తకం కాపీ పెట్టి, తుపాకీ నంబరు, తూటాలు ఎన్నో రాయించి రసీదు తీసుకోండి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు మిగతావాళ్ల అంగీకారపత్రాలతో తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కర్లేకపోతే డీలరుకు అమ్మేయవచ్చు.

ఆయన బతికుండగానే మార్చుకునే వీలూ ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లు అయినా, ఏది ముందైతే అప్పుడు వారసుడి పేరు మీద లైసెన్సు అడగవచ్చు. ఇంట్లో అలాంటి పెద్దాయన ఉంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఏజెన్సీలో నాటు తుపాకుల సంగతి వేరు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు తీసుకుపోయినవి తుపాకులే. కొండప్రాంతంలో తుపాకీకి ఉన్న విలువ పాతది. కానీ ఈరోజు తాతలనాటి నాటు తుపాకీ అయినా లైసెన్సు లేకపోతే నేరమే, వేట కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. పంట కాపలాకు మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు చట్టంలోనే ఉంది. లేదంటే గ్రామపెద్దల ద్వారా స్టేషన్‌లో అప్పగించడం మేలు.

అర్ధరాత్రి ఇంట్లోకి వచ్చినవాడు

ఇది తుపాకీ లేనివాళ్లే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. ఎదుటివాడి దాడిలో చావో, తీవ్రగాయమో తప్పదని సహేతుకంగా భయం కలిగితే, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివి ఎదురైతే, ఎదుటివాడి ప్రాణం పోయేంతవరకు కూడా మీ హక్కు వెళ్తుంది. ఇది న్యాయ సంహిత 38వ సెక్షన్. ఆస్తి విషయంలో 41వ సెక్షన్: దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేయడం, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయమో తీవ్రగాయం భయమో కలిగించే తీరులో దొంగతనం, ఆస్తి ధ్వంసం, ఇంట్లోకి అక్రమంగా చొరబడటం. ఇవి తప్ప మిగతా వాటిలో చంపే హక్కు లేదు. పగలు వీధిలో బండి ఎత్తుకుపోతున్నవాణ్ని ఆపవచ్చు, లాక్కోవచ్చు, తొయ్యవచ్చు. కత్తితో పొడవకూడదు.

అన్నిటి మీదా 37వ సెక్షన్ ఉంది. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నప్పుడు హక్కు లేదు. అలాగని ప్రాణం మీదకొచ్చినవాడి నుంచి పారిపోవాల్సిన పనీ లేదు, ఆ క్షణంలో దెబ్బను త్రాసులో తూచి కొట్టాలనీ కోర్టులు అనవు. 2010లో దర్శన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట చేర్చింది.

హక్కు ఎప్పుడు ముగుస్తుందో తెలియకనే మంచివాళ్లు ముద్దాయిలవుతారు. రాత్రి కన్నం వేసి లోపలికి వచ్చినవాడు ఇంట్లో ఉన్నంతసేపు హక్కు ఉంటుంది. వాడు ప్రహరీ దూకి పరుగు తీసినప్పుడు వెనక నుంచి కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. గాయం వీపున ఉందా, ఎదురుగా ఉందా అన్నది పోస్టుమార్టంలో మొదట చూసేదే. పట్టుకుని స్తంభానికి కట్టేశాక కొట్టే ప్రతి దెబ్బా కొత్త నేరం. పట్టుకున్నవాణ్ని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. దొంగల కోసమో అడవిపందుల కోసమో కంచెకు కరెంటు పెట్టడం ఏ రకంగానూ ఆత్మరక్షణ కాదు.

మెలకువ వచ్చి శబ్దం విన్నప్పుడు, వీలైతే ఇంటివాళ్లంతా ఒకే గదిలోకి చేరి గడియ పెట్టి, లైట్లన్నీ వేసి 112కు ఫోన్ చేయండి. లైను కలిసే ఉంచి గట్టిగా "పోలీసులు వస్తున్నారు" అని అరవండి. ఆ కాల్ రికార్డే రేపు మీకు సాక్ష్యం. చేతిలో తుపాకీ ఉంటే గొట్టం తలుపు వైపు, వేలు ట్రిగ్గర్ బయట. తలుపు కొడుతున్నవాడు దొంగో, చుట్టమో, తాగి తలుపు తప్పిన పక్క ఫ్లాటువాడో కళ్లతో చూడనిదే కాల్చకండి. గాల్లోకి బెదిరింపు కాల్పులు అపార్ట్‌మెంట్లలో అసలు వద్దు. ఆ తూటా ఎక్కడికి పోతుందో మీ చేతిలో లేదు, తగిలినవాళ్లకు జవాబు మీరే చెప్పాలి.

జరగరానిది జరిగితే ముందు 108, 112. తుపాకీ తప్ప ఇంకేదీ కదపకండి, కడగకండి. తుపాకీని ఖాళీ చేసి దూరంగా పెట్టి, పోలీసులు తీసుకునేటప్పుడు పంచనామా కాపీ అడగండి. మీకు తగిలిన చిన్న గాయమైనా కేజీహెచ్‌లో చూపించి మెడికో-లీగల్ కేసుగా నమోదు చేయించండి. సీసీటీవీ రికార్డు కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, మీదీ పక్కింటివాళ్లదీ కాపీ తీయించండి. ఆత్మరక్షణ అని మొదటి ఫిర్యాదులోనే స్పష్టంగా రాయాలి. నెలల తర్వాత తట్టిన వాదనను కోర్టు అనుమానంగా చూస్తుంది. నిరూపించే బాధ్యత మీదే. అయితే అనుమానానికి తావు లేకుండా కాదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపిస్తే చాలు. పూర్తి వాంగ్మూలానికి ముందు వకీలును అడగడం మీ హక్కు. ఖర్చు భరించలేనివాళ్లు న్యాయసేవాధికార సంస్థకు 15100లో ఫోన్ చేయవచ్చు.

పిల్లలు విదేశాల్లో ఉంటే

ప్రపంచంలో పౌరుల చేతుల్లో 85.7 కోట్ల తుపాకులున్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో అంచనా వేసింది. అందులో 39.3 కోట్లు అమెరికావి, 7.1 కోట్లు మనవి. మనవాటిలో ఎక్కువ భాగం లైసెన్సు లేనివే. అమెరికాలో తుపాకీ సులువుగా దొరుకుతుందన్నది నిజం. 2008, 2022 తీర్పుల్లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని వ్యక్తి హక్కుగా ఖాయం చేసింది. కానీ ఆ హక్కు మన పిల్లలది కాదు. ఎఫ్-1 మీద చదివే విద్యార్థి, హెచ్-1బి మీద ఉద్యోగి, హెచ్-4 మీద భార్య, టూరిస్టు వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు, వీళ్లంతా అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీనీ తూటానూ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని సరదాగా పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల వరకు, ఆపైన దేశం నుంచి పంపేయడం. రూమ్మేటు తుపాకీ అందరూ వాడే అలమారలో ఉంటే ఆ గదే మారమని చెప్పండి. గ్రీన్‌కార్డు వచ్చాక సంగతి వేరు.

బ్రిటన్‌లో 1996 డన్‌బ్లేన్ స్కూలు కాల్పుల తర్వాత 1997లో చేతి తుపాకులు నిషేధించారు. ఆత్మరక్షణ అన్నది అక్కడ లైసెన్సుకు కారణంగా చెల్లదు. ఆస్ట్రేలియాలోనూ 1996 పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత ఆత్మరక్షణ లైసెన్సుకు కారణం కాదు. కెనడాలో 2022 అక్టోబరు నుంచి చేతి తుపాకుల అమ్మకాలు ఆగిపోయాయి. జపాన్‌లో సామాన్యుడికి చేతి తుపాకీ దొరకదు, షాట్‌గన్‌కు కూడా తరగతులు, రాతపరీక్ష, గురి పరీక్ష దాటాలి. ఎదురు దారిలో నడిచిన దేశం చెక్ రిపబ్లిక్, 2021లో ఆయుధంతో ఆత్మరక్షణను రాజ్యాంగ స్థాయి హక్కుగా చేర్చుకుంది.

వీటన్నిటికన్నా తల్లులు గుర్తుంచుకోవాల్సింది పెప్పర్ స్ప్రే సంగతి. విశాఖలో లైసెన్సు లేకుండా కొని ఆడపిల్ల బ్యాగులో పెట్టవచ్చు. నిజమైన దాడిలో వాడవచ్చు. చిన్న తగాదాలో కొట్టకూడదు, 2024లో కర్ణాటక హైకోర్టు దాన్ని ప్రమాదకర ఆయుధంగా చూసింది. కానీ అదే డబ్బా బ్రిటన్‌లో దిగితే నిషేధిత ఆయుధం, తుపాకీ చట్టం కింద కేసు. కెనడాలో మనుషుల మీద వాడేది నిషేధం, ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లోనూ అంతే. అసలు అంతర్జాతీయ విమాన ప్రయాణ నిబంధనల్లోనే చేతి సామానులోనూ చెక్-ఇన్‌లోనూ దానికి చోటు లేదు. అమ్మాయికి అక్కడి ఎమర్జెన్సీ నంబరు, గట్టిగా మోగే అలారం ఇచ్చి పంపండి.

సూట్‌కేసు సర్దే ముందు అది ఇంట్లో ఎవరు వాడిందో కనుక్కోండి. నాన్నగారో మామగారో ఒకప్పుడు రేంజికి తీసుకెళ్లిన బ్యాగు అంచు అరలో మిగిలిపోయిన ఒక్క తూటా ఎక్స్‌రేలో కనిపిస్తే ప్రయాణం ఆగి కేసు మొదలవుతుంది. తెలిసి దగ్గర పెట్టుకున్నారా, తెలియక వచ్చిందా అన్న దాని మీదే కేసు నిలబడుతుంది. అందుకని ఆ తూటా ఎవరి లైసెన్సు మీద కొన్నదో చూపించే లైసెన్సు కాపీ, కొన్న బిల్లు వెంటనే వాట్సాప్‌లో తెప్పించి అక్కడి అధికారికి చూపించండి, ఏ కాగితమూ చదవకుండా సంతకం చేయకండి.